జ్ఞాపకానికి ఇద్దరు సాక్షులు

మేక ఏ శాఖదో తేలకపోవడం వల్ల వచ్చిపడింది ఈ గొడవంతా.

తూర్పుతీర బ్యాంకు అని ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. పెద్ద బ్యాంకులో కలిపేశారు, బోర్డులు దించేశారు, రబ్బరు స్టాంపులు గోనెసంచుల్లో కట్టి ఎక్కడికో పంపేశారు. కాకినాడలో ఒక భోజన హోటలు మీది మేడగదిలో ఆ బ్యాంకు విశ్రాంత ఉద్యోగుల సంఘం మాత్రం మిగిలింది. ఆ సంఘం మూడు నెలలకోసారి ‘తీరం’ అని ఒక పత్రిక వేస్తుంది. ఎవరికి మోకాలి ఆపరేషన్ అయింది, ఎవరి మనవరాలికి ఎక్కడ సీటు వచ్చింది, ఎవరు పోయారు అన్న వార్తలు ముందు పేజీల్లో ఉంటాయి. చివరి నాలుగు పేజీలు ‘ఆ రోజుల్లో’ శీర్షిక, అంటే పాత జ్ఞాపకాలు. నిజం చెప్పాలంటే సభ్యులు చందా కట్టేది ఆ నాలుగు పేజీల కోసమే.

ఒక సంచికలో సామర్లకోట ఆయన ఒకరు, తమ శాఖలోకి మేక వచ్చి మేనేజరు గారి టేబుల్ మీద డ్రాఫ్టు నమిలేసిందని రాశారు. తరవాతి సంచికలో తుని ఆయన, ఆ మేక మాదనీ, నమిలింది డ్రాఫ్టు కాదు బదిలీ ఉత్తర్వనీ రాశారు. ఆ పైసంచికలో పిఠాపురం ఆయన అసలది మేకే కాదు, పెయ్యదూడ అన్నారు. నలభై ఏళ్ల స్నేహితులు ముగ్గురూ మాటలు మానేశారు. సామర్లకోట ఆయన మనవరాలి పెళ్లికి తుని ఆయన వెళ్లలేదు.

సంఘం అధ్యక్షులు పేరిచర్ల నరసింహరాజు గారికి ఇది మింగుడుపడలేదు. ఆయన ఇరవై ఆరేళ్లు తనిఖీ విభాగంలో పనిచేసిన మనిషి. ఇంట్లో చారు రుచి చూసి కూడా ‘పరిశీలించితిని’ అంటారని వాళ్లావిడ చెప్పుకునేది. ఆయన వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు.

“సభ్యులారా, మనం సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఒక్క సంతకంతో ఒక్క కాగితమైనా కదిలిందా?” అని అడిగారు. “ఒకరు రాయాలి, ఇంకొకరు సరిచూడాలి. అది మన ధర్మం. మరి జ్ఞాపకాల విషయంలో ఈ అరాచకం ఏమిటి? ఎవరికి తోచింది వారు గుర్తు చేసుకుంటున్నారు. అడిగేవారు లేరు.”

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. రిటైరైన దగ్గర్నుంచీ వాళ్లందరికీ ఏదో వెలితిగానే ఉంటోంది పాపం. పొద్దున లేస్తే ఏదో మరిచిపోయినట్టు, కాఫీ తాగినా తాగనట్టు. ఆ వెలితి పేరు రెండో సంతకమని వాళ్లకి ఆవేళ తెలిసింది.

పదిహేను రోజుల్లో ముప్పైనాలుగు సెక్షన్లతో ‘జ్ఞాపకాల ధ్రువీకరణ నియమావళి’ తయారైంది. ఇకమీదట గుర్తున్న మనిషిని ‘జ్ఞాపకదారు’ అనాలి. జ్ఞాపకదారు ఒకటో నంబరు ఫారం మీద జ్ఞాపకాన్ని దాఖలు చేసుకోవాలి. ఆ రోజు, ఆ శాఖలో డ్యూటీలో ఉన్న ఇద్దరు సాక్షులు మూడో నంబరు ఫారం మీద వేరువేరుగా సంతకాలు చేయాలి. పదేళ్లపాటు ఎవరికీ చెప్పకుండా ఉంచుకున్న జ్ఞాపకం ‘నిద్రాణ జ్ఞాపకం’ అవుతుంది. దాన్ని మళ్లీ లేపాలంటే రెండు ఫోటోలు, ఆధార్ నకలు ఇవ్వాలి. ఇవిగాక ఏటా నవంబరులో, బతికే ఉన్నామని పెన్షను ఆఫీసులో రాసిచ్చి వస్తూ వస్తూ, ఇంకా గుర్తుందని సంఘంలో కూడా రాసిచ్చి వెళ్లాలి.

మొదట్లో సభ్యులు పండగ చేసుకున్నారు. ఫారాలు నింపడంలో ఉన్న సుఖం నింపినవాడికే తెలుస్తుంది. తరవాత తిరుగు టపాలో అభ్యంతరాలు రావడం మొదలయ్యాయి.

ఒకాయన ‘ఆవేళ జోరున వాన’ అని రాస్తే, ‘జోరు పరిమాణము తెలుపవలెను’ అని వచ్చింది. ఒకావిడ తమ మేనేజరు గారి భార్య పంపిన పులిహోర రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉందని రాశారు. ‘సదరు నాలుకను కమిటీ ఎదుట హాజరుపరచవలెను’ అని వచ్చింది. ఆవిడ నిజంగానే ఆటో కట్టించుకుని వచ్చి చూపించి వెళ్లారు.

అందరికంటే పెద్దాయన అచ్యుతరామయ్య గారికి తొంభై ఒకటి. ఆయనతో పనిచేసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. కాబట్టి ముప్పైనాలుగేళ్ల సర్వీసులో ఆయన గుర్తు చేసుకోదగ్గది ఏమీ లేదని కమిటీ తేల్చింది. ఆయన కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

“అయితే నేను ఉద్యోగమే చెయ్యలేదంటారా?”

“చేశారండి. పెన్షను కాగితం ఉంది కదా, అది మేం కాదనడం లేదు,” అన్నారు కార్యదర్శి కొల్లూరి సత్యానందం గారు, మర్యాదగానే. “గుర్తుందనడం మాత్రం కుదరదంటున్నాం.”

సాక్షులకు గిరాకీ పెరిగిపోయింది. నా మేకకి మీరు సంతకం పెడితే మీ పిల్లికి నేను పెడతాననే దాకా వెళ్లింది వ్యవహారం. అది కుదరని వాళ్లవన్నీ బుట్టదాఖలయ్యాయి. ఇద్దరి మధ్య జరిగినవి, ఒక్కరికే తెలిసినవి, చెవిలో చెప్పుకున్నవి ఏవీ పత్రికకెక్కలేదు. పదిమంది ముందు జరిగినవే మిగిలాయి. పదిమంది ముందు జరిగేదేముంటుంది చెప్పండి? వీడ్కోలు విందులు, గ్రూపు ఫోటోలు, ఎవరో ఒకరు నవ్వులపాలు కావడం. ‘ఆ రోజుల్లో’ నిండా ఇక అవే.

ఈ కథలో మనకి కావలసిన మనిషి గొర్తి స్వరాజ్యం గారు. వయసు అరవై తొమ్మిది, గాంధీనగర్లో కాపురం. ఆవిడ మేకల గొడవలో తలదూర్చలేదు. ఫారాలు వచ్చినప్పుడు నవ్వుకుని ఊరుకుంది. డిసెంబరు మొదటివారంలో ఒకరోజు పదకొండు గంటలకి మేడిశెట్టి నూకరత్నం వచ్చి గుమ్మంలో నిలబడేదాకా ఆవిడకి ఈ నియమావళితో పని పడలేదు.

నూకరత్నం భర్త తవుడు బ్యాంకులో అటెండరు. మొన్న వేసవిలో పోయాడు. సంఘం ఆనవాయితీ ప్రకారం ఆ ఏడాది పోయినవాళ్ల ఫోటోలు జనవరి సంచికలో వేస్తారు. ఒక్కొక్క ఫోటో కింద ఒక జ్ఞాపకం వేస్తారు. కుటుంబాన్ని సర్వసభ్య సమావేశానికి పిలిచి శాలువా కప్పుతారు.

నూకరత్నం మంచినీళ్లు పుచ్చుకుని, కుర్చీ ఇస్తే కుర్చీ అంచున కూర్చుని చెప్పింది.

“అమ్మగారూ, ఆయన బొమ్మ కింద ఆ తాళం కతే ఏస్తారంట. సత్యానందం గారు ఫోన్ సేసి సెప్పారు, మీ ఆయన జ్ఞాపకం మంజూరైందీ అని. బతికున్నప్పుడు ఎలాగూ నవ్వారు, ఆయనా నవ్వీవోడు. ఇప్పుడు మా మనవలకి సదువొచ్చమ్మా. ఆళ్లు సదివి, మా తాత ఇంత ఎర్రిబాగులోడా అనుకుంటారు. మీరు పెద్దోళ్లు, ఓ మాట సెప్పి ఆపించండమ్మా.”

తాళం కథ తెలియని వాడు ఆ బ్యాంకులో పనిచేసినట్టే కాదు. ఎనభై ఆరులో, మూలలంక శాఖకి రీజనల్ మేనేజరు దక్షిణామూర్తి గారు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారు. ఆయన పేరు చెబితే మేనేజర్లకి విరేచనాలయ్యేవి. వెంట అప్పట్లో కుర్ర ఇన్‌స్పెక్టరైన మన నరసింహరాజు గారు కూడా ఉన్నారు. ఇద్దరూ లాకర్ల గదిలోకి వెళ్లి పరిశీలిస్తుండగా, బయట గుడ్డతో దుమ్ము దులుపుతున్న తవుడు కటకటాల తలుపు లాగి తాళం వేసేశాడు. తరవాత తాళంచెవి ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. మారు తాళంచెవి నిబంధన ప్రకారం రామచంద్రపురం శాఖలో భద్రంగా ఉంది. యాభై నిమిషాలపాటు రీజనల్ మేనేజరు ఊచలు పట్టుకుని నిలబడితే, స్టాఫంతా బల్లల కింద దూరి వెతికారు. చివరికి తాళంచెవి దొరికింది. తవుడికి మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు కోసేశారు, ‘తాళాల తవుడు’ అన్న పేరు మాత్రం శాశ్వతంగా మంజూరు చేశారు.

ఈ కథ చెప్పడంలో అప్పటి అక్కడి క్యాషియరు బిక్కిన సోమరాజుది అందె వేసిన చెయ్యి. దక్షిణామూర్తి గారి గొంతు, తవుడి నత్తి, ఊచల చప్పుడు అన్నీ నోటితోనే పలికిస్తాడు. ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ భోజనాలకు ముందు అదొక అంశం. నరసింహరాజు గారు అధ్యక్ష స్థానంలో కూర్చుని బిగుసుకుపోయి వింటారు. తొమ్మిదిమంది సాక్షులున్న జ్ఞాపకాన్ని ఆయన మాత్రం ఎలా ఆపగలరు?

“నేను చూస్తాలే నూకరత్నం,” అంది స్వరాజ్యం గారు. ఇంకో మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్పలేకపోయినందుకు ఆవిడ మీద ఆవిడకే అసహ్యం వేసింది. నూకరత్నం వెళ్లాక తలుపు వేసుకుని కుర్చీలో కూలబడి ఏడ్చింది.

ఎందుకంటే ఆ రోజు మూలలంక శాఖలో లేని మనిషి ఆవిడ. హాజరు పట్టీలో సంతకం ఉంది, మనిషి లేదు.

ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఇంకా ప్రొబేషనే. అప్పటికే రెండుసార్లు మెమో అందుకుంది. మూడోసారి సీట్లో కనపడకపోతే ఇంటికి పంపేస్తామని రాతమూలకంగా ఇచ్చారు. నాలుగు నెలల పిల్ల, కాలవ అవతల అత్తగారి దగ్గర. ఆవేళ పిల్లకి జ్వరం, డబ్బాపాలు పడితే కక్కేస్తోందని కబురొచ్చింది. మేనేజరుని అడిగితే ‘వద్దు’ అంటాడని అడగకుండానే భోజనాల వేళ పెరటి దారిన బల్లకట్టెక్కి వెళ్లిపోయింది. పాలిచ్చి, పిల్ల కళ్లు తెరిచాక పరుగున తిరిగొచ్చేసరికి గేటు దగ్గర రీజనల్ మేనేజరు జీపు. పెరటి గుమ్మంలో తవుడు నిలబడి ఉన్నాడు. చేతిలోని సంచీ లాక్కుని, “సీట్లో కూకోండమ్మా, సెమట తుడుసుకోండి,” అన్నాడు. ఆవిడ కూర్చుంది. ఒక్క నిమిషానికి తాళంచెవి దొరికింది. సాయంత్రం ఆవిడ చేతులు జోడిస్తే, “నాకు మెమోలు మామూలేనమ్మా, మీకింకా పర్మినెంటు అవ్వాల. ఎవురికీ సెప్పకండి,” అన్నాడు.

ఆవిడ చెప్పలేదు. పర్మినెంటు అయ్యాక చెబుదామనుకుంది. ప్రమోషన్ వచ్చాక అనుకుంది. రిటైరయ్యాక ఒక సభలో చెప్పబోతే, వెనక వరసలో ఉన్న తవుడు వద్దని తల అడ్డంగా ఊపాడు. ముప్పై ఏడేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు తల ఊపడానికి ఆ మనిషి లేడు.

మర్నాడే ఒకటో నంబరు ఫారం తెచ్చుకుని, అదనపు కాగితాలు జతచేసి, అంతా రాసేసింది.

సాక్షుల గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ రోజు శాఖలో ఉన్న స్టాఫులో ఇంకా ఓపికగా తిరుగుతున్నది సోమరాజే. అతనంటే ఆవిడకి ఒళ్లుమంట. ఏటా తవుడి మీద సభని నవ్వించేది అతనే. అయినా తప్పదని ఫోన్ చేసింది.

“సోమరాజు గారూ, ఆ రోజు తవుడు కావాలనే తాళం వేశాడని మీకేమైనా అనుమానం వచ్చిందా?”

“కావాలనా? అబ్బే, నాకేం తెలుసండి? తాళంచెవి పోయింది, ఎతికాం. నవ్వుకున్నాం కదండి అందరం, ఇప్పుడెందుకండి ఇయ్యన్నీ?”

“నవ్వింది మీరు,” అని ఫోన్ పెట్టేసింది.

పరిశీలన కమిటీ మంగళవారం కూర్చుంది. కింద హోటల్లో పోపు వేస్తున్నారు, ఆ ఘాటుకి అందరూ దగ్గుతున్నారు. నరసింహరాజు గారు కళ్లజోడు సర్దుకుని ఫారాన్ని రెండుసార్లు చదివారు. లాకర్ల గది అన్న మాట వచ్చినప్పుడల్లా ఆయన దవడ బిగుసుకుంది.

“జ్ఞాపకదారు గారూ, సాక్షుల గడి ఖాళీగా ఉన్నది,” అన్నారు.

“ఇది నాకూ తవుడికీ తెలిసిన విషయమండి. మూడోవాళ్లు లేరు.”

“అనగా ఉమ్మడి జ్ఞాపకం. ఉమ్మడిదారులలో ఒకరు దివంగతులు.”

స్వరాజ్యం గారు కూడా ముప్పై ఏళ్లు కౌంటరు వెనక కూర్చున్న మనిషే. “అయితే ఉమ్మడి ఖాతా లాగే చూడండి. ఇద్దరిలో ఎవరైనా లేక బతికున్నవారు అని రాస్తాం కదా. బతికున్నదాన్ని నేను. నాకు హక్కుంది,” అంది.

కమిటీ ఉలిక్కిపడింది. నియమావళి పేజీలు గబగబా తిరిగాయి. సత్యానందం గారు చెమట తుడుచుకున్నారు. ఐదు నిమిషాల తరవాత నరసింహరాజు గారి మొహం వికసించింది.

“అటువంటి ఆదేశం జ్ఞాపకం ప్రారంభించిన నాడే ఇరువురూ రాతపూర్వకంగా ఇచ్చి ఉండవలెను. ఇచ్చారా?”

“ఇద్దరం వణికిపోతున్నామండి అప్పుడు.”

“కావున ఇవ్వలేదు. ఆదేశం లేనిచోట ఇరువురూ కలిసే గుర్తు చేసుకోవలెను. ఒకరు లేరు గనుక వారి వారసులు వారసత్వ ధ్రువపత్రంతో వచ్చి, తమకు తెలియని సదరు విషయం తమకు గుర్తున్నదని సంతకం చేయవలెను.”

“తెలియనిది ఎలా గుర్తుంటుందండి?”

“అది వారసుల ఇబ్బంది. మరొక చిక్కు. సదరు సమయంలో మీరు శాఖలో లేరని మీరే ఒప్పుకుంటున్నారు. తాళం వేసిన ఘటనకు మీరు సాక్షే కారు. పైపెచ్చు మీరు హాజరు పట్టీలో సంతకం చేసి అనధికారికంగా గైర్హాజరైనారు. దీనిపై క్రమశిక్షణ చర్య ఉండాలా వద్దా?”

“బ్యాంకే లేదు కదండి,” అన్నారు సత్యానందం గారు మెల్లగా.

“బ్యాంకు లేకపోతే క్రమశిక్షణ కూడా లేదా?” అని గద్దించి, ఆ విషయం మీద ముగ్గురితో ఉపసంఘం వేశారు. ‘సాక్ష్యాభావమున తిరస్కరించడమైనది’ అని ఎర్ర సిరాతో రాసి ఫారం తిప్పి ఇచ్చేశారు. ఇరవై తొమ్మిదో సెక్షను ప్రకారం సర్వసభ్య సమావేశంలో మూడు నిమిషాలకు మించకుండా అప్పీలు చెప్పుకోవచ్చునని కూడా చెప్పారు. ఎంతైనా రాజుగారు నియమాలకి కట్టుబడ్డ మనిషి.

ఆదివారం పొద్దున కల్యాణ మండపం కిటకిటలాడింది. రెండువందల యాభైమంది వచ్చారు. వంటశాల నుంచి గుత్తి వంకాయ వాసన వస్తుంటే ప్రసంగాలు ఎవరి చెవికీ ఎక్కడం లేదు. ముందు వరసలో నూకరత్నం, కప్పించుకున్న శాలువాని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన పన్నెండేళ్ల మనవరాలు. కార్యక్రమ పత్రంలో పన్నెండో అంశం ‘జ్ఞాపక అప్పీలు: శ్రీమతి గొర్తి స్వరాజ్యం’. పదమూడు ‘తాళాల తవుడు: శ్రీ బిక్కిన సోమరాజు’. పద్నాలుగు భోజనాలు.

స్వరాజ్యం గారు మైకు ముందు నిలబడి కాగితాలు చదివింది. బల్లకట్టు దగ్గరికి వచ్చేసరికి వెనక వరసల్లో గుసగుసలు ఆగిపోయాయి. మూడు నిమిషాలు అయినట్టు సత్యానందం గారు గంట కొట్టబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“ఆ మనిషి నా ఉద్యోగం కాపాడి తన పరువు పోగొట్టుకున్నాడు,” అని ముగించింది ఆవిడ. “ఏటా మీరంతా నవ్వుతుంటే నేను కూడా పళ్లికిలించాను. అంత పిరికిదాన్ని. ఇంతకన్నా నా దగ్గర సాక్ష్యం లేదు.”

నరసింహరాజు గారు గొంతు సవరించుకున్నారు. “ఈ జ్ఞాపకానికి సభలో ఎవరైనా సాక్షులున్నారా?” అని మూడుసార్లు, వేలం పాట పద్ధతిలో అడిగారు. ఒక్కరూ లేవలేదు. “లేనందున అప్పీలు కొట్టివేయడమైనది. పదమూడో అంశం. శ్రీ సోమరాజు.”

స్వరాజ్యం గారికి నూకరత్నం మొహం చూసే ధైర్యం లేకపోయింది. వచ్చి కుర్చీలో తలవంచుకుని కూర్చుంది.

సోమరాజు వేదిక ఎక్కాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, బట్టతల, బొర్ర. అతన్ని చూడగానే అలవాటు కొద్దీ నాలుగైదు నవ్వులు వినిపించాయి. అతను మైకు పట్టుకోలేదు. సత్యానందం గారి దగ్గరికెళ్లి చెయ్యి చాపాడు.

“మూడో నంబరు ఫారం ఒకటిప్పించండి.”

“ఏం జ్ఞాపకానికండి?”

“ఇప్పుడు కొట్టేశారే, దానికి.”

సభ గొల్లుమంటుందనుకున్నారు, గొల్లుమనలేదు. సోమరాజు బల్ల మీద ఫారం పరిచి, నిలబడే నింపాడు. ‘సాక్షి స్వయంగా చూచినది’ అన్న గడి దగ్గర ఆగి, ఆలోచించి నాలుగు ముక్కలు రాశాడు. నరసింహరాజు గారు అందుకుని, నిబంధన ప్రకారం సభకి చదివి వినిపించారు.

“‘నేను ఆ రోజు మంచినీళ్ల కోసం కూజా దగ్గరికి మూడుసార్లు వెళ్లితిని. మూడుసార్లూ తాళంచెవి కూజా అడుగున ఉన్నది. చూసి, నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చి, బల్ల కింద దూరి వెతికితిని.’”

స్వరాజ్యం గారు దిగ్గున తలెత్తింది. తాళంచెవి కూజాలో వేశానని తవుడు ఆవేళ సాయంత్రం ఆవిడకొక్కదానికే చెప్పాడు. ఆ ముక్క ఆవిడ ఫారంలో రాయలేదు. రాస్తే ఆ కూజా తాలూకు స్టాకు రిజిస్టరు తెమ్మంటారని భయపడింది.

“అంటే మీకు తెలుసా?” అంది లేచి నిలబడి.

“నాకే కాదండి, అందరికీ తెలుసు,” అన్నాడు సోమరాజు. “మేనేజరు గారు కూడా కూజాలోకి ఓసారి చూసి, దాహం లేదనేసి వెళ్లారు. మీరొచ్చేదాకా ఎతుకుతానే ఉన్నాం. మాకు తెలుసని మీకు తెలిస్తే తలెత్తుకోలేరనీ, ఎవరూ పెదవిప్పొద్దనీ తవుడే ఒట్టేయించుకున్నాడు. మొన్న మీరు ఫోన్ చేస్తే ఏం చెప్పనండి మరి? ఒట్టాయె.”

“మరి ఈ ముప్పై ఏడేళ్లూ ఆ వెక్కిరింత ఎందుకు? మీ నవ్వులు ఎందుకు?” ఆవిడ గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

“ఆ ఏడంతా దక్షిణామూర్తి గారు ఆరా తీస్తానే ఉన్నారండి, ఆ గంటలో ఎవరెక్కడున్నారూ అని. తవుడే వచ్చి, ‘బాబూ, దీన్ని నవ్వులాట సేసీండి’ అన్నాడు. చేశాను. జనం నవ్వుతున్నంతసేపూ హాజరు పట్టీ ఎవరూ అడగలేదండి. తరవాత అదే అలవాటైపోయింది. చెప్పమన్నాడు గానీ, ఇక ఆపమని ఆ మనిషి ఎప్పుడూ అనలేదు.”

ఆవిడ కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

నరసింహరాజు గారు ఫారాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద వేలితో తట్టారు. “ఒక సాక్షి. నియమావళి ప్రకారం ఇద్దరు కావలెను. మిగతా వారు?”

మిగతావాళ్లలో కొందరు పోయారు, ఇద్దరు మంచం మీదున్నారు, ఒకాయన హైదరాబాదులో కూతురి దగ్గరున్నాడు. వంటశాలలో ఎవరో గరిటె కింద పడేశారు.

“ఉండండి,” అన్నారు నరసింహరాజు గారు హఠాత్తుగా. ఆయన చూపు ఎక్కడో ఉంది. “సోమరాజు గారూ, లోపల నాకూ దక్షిణామూర్తి గారికీ దాహం వేసింది. ఊచల్లోంచి కేకేసి మంచినీళ్లు అడిగాను. కూజా ఎదురుగా, నిండుగా కనబడుతోంది. మీరు నీళ్లు ఇవ్వలేదు. బజారుకి మనిషిని పంపి సోడాలు తెప్పించి ఊచల్లోంచి అందించారు.”

“అవునండి.”

“ఎందుకు?”

“ఒంపితే తాళంచెవి గళాసులో పడుద్దండి.”

నరసింహరాజు గారు కుర్చీలో వెనక్కి వాలారు. తనిఖీ విభాగంలో ఇరవై ఆరేళ్లు తేడాలు పట్టుకున్న మనిషి, ముప్పై ఏడేళ్లుగా తేలని తేడా ఒకటి లోపల మోసుకు తిరుగుతున్నారని ఎవరికి తెలుసు? ఎదురుగా కూజా నిండా నీళ్లుండగా సోడా ఏమిటన్నది ఆ తనిఖీ రిపోర్టులో కూడా రాశారట ఆయన. దానికి ఎవరూ జవాబివ్వలేదు. ఆయన మొహంలో నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. అవమానం తీరినందుకు కాదు, లెక్క కుదిరినందుకు.

“సరిపోయింది,” అన్నారు తనలో తాను. తరవాత గట్టిగా, “సత్యానందం గారూ, మూడో నంబరు ఫారం ఇంకొకటి. సదరు దినమున నేను సదరు శాఖలో డ్యూటీలో ఉన్నాను. లోపల ఉన్నానన్న మాటే గానీ, శాఖలోనే ఉన్నాను.”

నింపి, సంతకం పెట్టి, తేదీ వేసి, కింద అలవాటు చొప్పున ‘పరిశీలించితిని’ అని రాశారు. జ్ఞాపకం మంజూరైనట్టు, తవుడు గారి ఫోటో కింద యథాతథంగా అచ్చువేయునట్టు, పాత జ్ఞాపకం రద్దయినట్టు తీర్మానం చదివారు. క్రమశిక్షణ ఉపసంఘం సంగతేమిటని సత్యానందం గారు అడిగితే, ముందు భోజనాలు కానివ్వండన్నారు.

జనం చప్పట్లు కొడుతూనే వంటశాల వైపు కదిలారు. స్వరాజ్యం గారు కుర్చీలు జరుపుకుంటూ ముందు వరసకి వచ్చింది. “నూకరత్నం, నీకు ఆవేళే చెప్పాల్సింది. నోరు రాలేదు. నన్ను క్షమించు,” అని చేతులు పట్టుకుంది.

నూకరత్నం ఆవిడ వంక చూడటం లేదు. వేదిక మీది ఫోటో వంకే చూస్తోంది.

“నాకూ సెప్పలేదమ్మా ఆయన,” అంది. “తాళాలు పారేసుకునే మనిసి కదా అని, ఈ ముప్పై ఏడేళ్లూ మా బీరువా తాళం ఆయన సేతికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు నేను.”